క్యాంపర్ వ్యాన్ చేయించుకునేవాళ్లకు: ఆర్డర్ ఫారం నుంచి కాటా దాకా

ఖాళీ ప్యానెల్ వ్యాన్ కొని లోపల మంచం, వంటగట్టు, నీళ్లు, కరెంటు అమర్చుకోవాలని అనుకోగానే అందరం మొదలుపెట్టేది లోపల ఏమేం పట్టించొచ్చన్న లెక్కతోనే. ఆ లెక్క కాసేపు ఆపండి. ముందు తేల్చుకోవాల్సింది, తర్వాత ఏవి మార్చలేమన్నది. పరుపు మార్చుకోవచ్చు, అల్మరా పీకేసి మళ్లీ కట్టుకోవచ్చు. వ్యాన్ పొడవు, ఎత్తు, అది మోయగల బరువు, ఫ్యాక్టరీలో బిగించిన ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే యంత్రం), పైకప్పుకి కోసిన రంధ్రం మాత్రం ఒకసారి అయితే అయినట్టే. కాబట్టి పనులన్నీ ఆ వరుసలోనే చెప్తాను. వెనక్కి తీసుకోలేనివి ముందు, సర్దుకోగలిగేవి చివర.

ముందు అద్దెకు తీసుకుని పడుకోండి

మీరు అనుకుంటున్న సైజుకి దగ్గరగా ఉన్న క్యాంపర్‌ని కొన్ని రోజులు అద్దెకు తీసుకోండి. కుదిరితే వాన పడే రోజుల్లో తీసుకోండి. తడిసిన చెప్పులు, జాకెట్లు ఎక్కడ పెడుతున్నారో, ఒకరు వంట చేస్తుంటే రెండోవాళ్లు ఎటు నుంచి దాటుతున్నారో, రాత్రి లేవాల్సివస్తే పక్కవాళ్ల మీద నుంచి పాకాల్సి వస్తోందో గమనించండి. రోజూ ముట్టుకున్న వస్తువులు ఒక కాగితం మీద, అసలు ముట్టుకోనివి ఇంకో కాగితం మీద రాయండి. ఆ రెండో కాగితమే మీకు ఎక్కువ డబ్బు మిగులుస్తుంది.

బరువు లెక్క వేయకుండా ఏ మోడలూ ఎంచుకోవద్దు

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది ఇదే. యూరప్‌లో మామూలు కారు లైసెన్స్‌తో నడపగల వాహనం మొత్తం బరువుకి 3500 కిలోల పరిమితి ఎప్పటినుంచో ఉంది. చాలా క్యాంపర్ వ్యాన్లు ఆ అంకె చుట్టూనే తయారవుతాయి. మీ దగ్గర లైసెన్స్ పరిమితి ఎంతో ముందు కనుక్కోండి. పెద్ద ప్యానెల్ వ్యాన్ ఖాళీగానే 2000 కిలోలకి అటూ ఇటూ తూగుతుంది. మిగిలింది చాలా ఎక్కువనిపిస్తుంది గానీ, ఒక్కొక్కటీ చేరేసరికి తడిసి మోపెడవుతుంది.

నీళ్లు లీటరుకి కిలో. 100 లీటర్ల ట్యాంకు నింపితే 100 కిలోలు. డీజిల్ లీటరుకి సుమారు 0.84 కిలో. 100 యాంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీ 25 నుంచి 30 కిలోలుంటే, అంతే సామర్థ్యం ఉన్న లిథియం బ్యాటరీ దానిలో సగం కూడా ఉండదు. పక్కన విప్పే నీడ పందిరి ఒక్కటే పాతిక కిలోలు దాటొచ్చు. కిటికీలు, ఇన్సులేషన్, చెక్కపని, ఫ్రిజ్, హీటర్, గ్యాస్ సిలిండర్, పరుపులు, గిన్నెలు, బట్టలు, మనుషులు. ఒక్కోదాని పక్కన కిలోలు రాసి కూడండి. బ్రోషర్‌లో ఇచ్చే ఖాళీ బరువు ఏ ఆప్షన్లూ లేని బండిది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వెనక ట్రైలర్ తగిలించుకునే టో బార్ లాంటివి ఎంచుకున్న కొద్దీ అది పెరుగుతుంది. అందులో డ్రైవర్ బరువు, ఇంధనం కలిపారా లేదా అన్నది కూడా అడగండి. యూరప్ లెక్కల్లో సాధారణంగా 75 కిలోల డ్రైవర్‌నీ, 90 శాతం నిండిన ఇంధన ట్యాంకునీ కలుపుతారు.

మొత్తం బరువు సరిపోయినా ఒక్కో ఇరుసు మీద పడే బరువు వేరే లెక్క. వెనక తలుపుకి రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు తగిలించారనుకుందాం. స్టాండుతో కలిపి 60 కిలోలు, వెనక ఇరుసుకి 1.5 మీటర్ల దూరంలో వేలాడుతున్నాయి. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లయితే వెనక ఇరుసు మీద పడేది 60 కాదు, 82.5 కిలోలు. ముందు ఇరుసు మీద నుంచి 22.5 కిలోలు తేలిపోతాయి. ముందు చక్రాలతో నడిచే బండి తడిగడ్డి మీద జారడానికి ఇలాంటివే కారణం. బరువైన బ్యాటరీలు, నీళ్ల ట్యాంకు రెండు ఇరుసుల మధ్య, నేలకి దగ్గరగా, ఎడమ కుడి సమానంగా ఉండేలా కాగితం మీదే సర్దండి. అదే 3500 కిలోల పరిమితిలో బలమైన ఇరుసులు, పెద్ద చక్రాలు ఉన్న చాసీ (బండి అడుగు చట్రం) కొన్ని మోడళ్లలో దొరుకుతుంది. ఫియట్ డుకాటోలో దాన్ని మ్యాక్సీ అంటారు. ఇదీ తర్వాత మార్చుకునేది కాదు, ఆర్డర్ రోజే తేలాలి.

మంచం ఎటు వైపు వేస్తారు?

మోడల్ ఎంపికని నిజంగా తేల్చేది ఈ ప్రశ్నే. డుకాటో లోపలి వెడల్పు సుమారు 1.87 మీటర్లు. ప్యూజో బాక్సర్, సిట్రోయెన్ జంపర్ కూడా అదే బాడీతో వస్తాయి. మెర్సిడెస్ స్ప్రింటర్, ఫోర్డ్ ట్రాన్సిట్ సుమారు 1.78 దగ్గర ఆగుతాయి. గోడలకి ఇన్సులేషన్, ప్యానెల్ వేశాక రెండు పక్కలా కొన్ని సెంటీమీటర్లు పోతాయి. పొట్టిగా ఉన్నవాళ్లు అడ్డంగా పడుకోవచ్చు. అప్పుడు మంచం 1.4 మీటర్లలో అయిపోతుంది, దాదాపు 6 మీటర్ల బండి చాలు. పొడవుగా ఉన్నవాళ్లు నిలువుగా పడుకోవాలి, లేదా గోడని బయటికి ఉబ్బించే పక్క ప్యానెళ్లు పెట్టించుకోవాలి. నిలువు మంచమంటే 1.9 మీటర్లు దానికే పోతాయి. డుకాటోలో 5.41, 5.99, 6.36 మీటర్ల పొడవులున్నాయి. ఆ చివరి 37 సెంటీమీటర్లు ఎందుకు కావాలో అప్పుడు అర్థమవుతుంది.

ఎత్తు కూడా అంతే. డుకాటోలో మధ్య ఎత్తు పైకప్పు తీసుకుంటే లోపల సుమారు 1.93 మీటర్లు. నేల, పైకప్పు పని పూర్తయ్యాక 1.86 మిగిలితే గొప్ప. ఇంట్లో అందరికన్నా పొడవైన మనిషిని చెప్పులతో నిలబెట్టి కొలవండి.

ఆర్డర్ ఫారం ఒక్కో వరుసా చదవండి

ఫ్యాక్టరీలో తప్ప ఇంకెక్కడా సరిగ్గా చేయలేనివి, బయటైతే రెట్టింపు ఖర్చయ్యేవి ఆర్డర్‌లోనే వేయించండి. డ్రైవర్ వెనక ఇనుప అడ్డుగోడ వద్దని రాయించండి. ముందు ప్రయాణికుడి వైపు ఇద్దరు కూర్చునే బెంచీ కాకుండా ఒంటి సీటు అడగండి. దాని కింద తిరిగే బేస్ పెడితే బండి ఆగాక ఆ సీటే కుర్చీ అవుతుంది. ఎక్కువ శక్తి ఉన్న ఆల్టర్నేటర్, బాడీ కట్టేవాళ్ల కోసం ఇచ్చే కరెంటు కనెక్షన్, హీటర్ కోసం డీజిల్ ట్యాంకు నుంచి వేరే గొట్టం, వెనక కెమెరా, క్రూయిజ్ కంట్రోల్, పక్కదాకా తెరుచుకునే వెనక తలుపులు కూడా ఇక్కడే. జారుడు తలుపు ఫుట్‌పాత్ వైపు వచ్చిందో లేదో చూడండి. బండ్లు ఎడమన నడిచే దేశాలకీ కుడిన నడిచే దేశాలకీ ఇది తారుమారవుతుంది.

కొన్ని వద్దనాలి. ఫ్యాక్టరీ పక్క అద్దాలు ఒంటి పొర గాజు. చలికి చెమట పడతాయి, చాలావరకు తెరుచుకోవు. గోడలు రేకుతోనే తీసుకుని, ప్లాన్ తేలాక కావాల్సిన చోట రెండు పొరల యాక్రిలిక్ కిటికీలు పెట్టించుకోవడం మేలు. సామాన్ల బండికి వేసే చెక్క లైనింగ్ కూడా అక్కర్లేదు. ఎలాగూ పీకేసేదే.

డీలర్ నుంచి ఆర్డర్ కన్ఫర్మేషన్ రాగానే దాన్ని మీ లిస్టుతో కోడ్ కోడ్‌కీ పోల్చండి. నోటిమాట మీద ఏదీ వదలొద్దు. ఒక ఆప్షన్ ఎంచుకుంటే ఇంకొకటి దానంతటదే రద్దయ్యే సందర్భాలుంటాయి, మోడల్ ఏడాది మారితే కోడ్‌లూ మారతాయి. డెలివరీ తేదీని మాట ఇచ్చినట్టు తీసుకోకండి. బండి వచ్చే తేదీకీ కన్వర్షన్, అంటే దాన్ని క్యాంపర్‌గా మార్చే పని, మొదలయ్యే తేదీకీ మధ్య బాగా ఎడం ఉంచుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. ఆలస్యమైతే ధర మారుతుందా, అడ్వాన్స్ తిరిగొస్తుందా అన్నది సంతకానికి ముందే రాతలో ఉండాలి. వారంటీ సాధారణంగా బండి అప్పగించిన రోజో రిజిస్టర్ అయిన రోజో మొదలవుతుంది కాబట్టి, వర్క్‌షాపులో ఊరికే నిలబడిన నెలలన్నీ దాంట్లోంచే పోతాయి.

బండి చేతికొచ్చాక లోపల రేకు కనిపిస్తున్నప్పుడే ప్రతి గోడకీ, పైకప్పుకీ, నేలకీ ఫోటోలు తీయండి. ఫోటోలో కొలత టేపు కనబడాలి. వైర్లు ఎటు పోతున్నాయో, పక్కటెముకల్లాంటి ఆ రేకు పట్టీలు ఎక్కడున్నాయో, నేల కింద డీజిల్ ట్యాంకు, బ్రేక్ పైపులు ఎక్కడున్నాయో అన్నీ రావాలి. గోడలు మూసేశాక ఒక స్క్రూ దించాలన్నా ఈ ఫోటోలే దిక్కు. తర్వాత ఇంకేమీ దించకముందే బండిని కార్ వాష్‌లో బాగా తడిపి లోపల టార్చ్ వేసి వెతకండి. నీళ్లు కారుతుంటే ఇప్పుడైతే అది డీలర్ బాధ్యత. మీరు రంధ్రం కోశాక ఎవరి బాధ్యతో తేల్చడం కష్టం.

చేయించుకుంటున్నారా, చేసుకుంటున్నారా

వర్క్‌షాపుకి ఇస్తుంటే కొలతలున్న డ్రాయింగ్, బరువు అంచనా, వాడే సామాన్ల పేర్లు ఒప్పందంలో ఉండాలి. డబ్బు తేదీల ప్రకారం కాకుండా పూర్తయిన పని ప్రకారం ఇవ్వండి. ఇన్సులేషన్, వైరింగ్ అయి గోడలు మూసేముందు మిమ్మల్ని పిలిచి చూపించాలని ఒక షరతు రాయించండి. లోపాలు దొరికేది ఆ ఒక్క పూటే. బండి వాళ్ల షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఇన్సూరెన్స్ ఎవరిదో తేల్చుకోండి. చివరి విడత కొంత మొదటి ప్రయాణం అయ్యేదాకా ఆపుకునేలా మాట్లాడుకోండి. వైరింగ్ డయాగ్రమ్ చేతికి రాకుండా పని పూర్తయినట్టు కాదు.

మీరే చేసుకుంటున్నా ఒక పని ముందే చేయాలి. మీ దేశంలో క్యాంపర్‌గా రిజిస్టర్ కావాలంటే ఏమేం బిగించి ఉండాలో, ఎవరు తనిఖీ చేస్తారో రాతపూర్వకంగా తెలుసుకోండి. యూరప్‌లో మోటార్ క్యారవాన్లకి, అంటే ఇలాంటి క్యాంపర్ బండ్లకి, ఈఎన్ 1646, వాటిలో గ్యాస్ అమరికకి ఈఎన్ 1949 అనే ప్రమాణాలున్నాయి. అక్కడ లేనివాళ్లకి కూడా చెక్‌లిస్టులా పనికొస్తాయి. ప్రయాణంలో మనుషులు కూర్చునే వెనక సీటు విషయంలో మాత్రం రాజీ వద్దు. చెక్కపెట్టె మీద దిండు వేసి బెల్టు బిగిస్తే అది సీటు కాదు. ప్రమాద పరీక్షలో నెగ్గిన సీటే కొని, తయారీదారు చెప్పిన పద్ధతిలోనే చాసీకి బిగించాలి. పిల్లలు కూర్చుంటారు అందులో.

ప్లాన్ కాగితం మీద అయిపోయాక ఖాళీ బండిలో అట్టపెట్టెలతో, మాస్కింగ్ టేపుతో అసలు సైజులో కట్టి చూడండి. దాంట్లో ఒక రాత్రి పడుకోండి. వంటగట్టు రెండు అంగుళాలు ఎత్తయినా, నడక దారి ఇరుకైనా అట్ట దగ్గరే తెలిసిపోతుంది.

రంధ్రాలు

కిటికీలు, పైకప్పు ఫ్యాను కోసం రేకు కోయడమంటే చేతులు వణుకుతాయి. తొందర పడకపోతే ఇది అందరూ చేయగల పనే. లోపలి నుంచి మూలలు కొలిచి, చిన్న డ్రిల్‌తో నాలుగు మూలలా గుర్తు రంధ్రాలు వేయండి. బయట పెయింట్ మీద టేపు అంటించి, గీసిన గీతని రెండోసారి, మూడోసారి కొలవండి. కింద చెత్త సంచీ ఒకటి టేపుతో రేకుకే అంటిస్తే ఇనుప రజను అంతా అందులో పడుతుంది. ఆ రజను ఎక్కడ మిగిలితే అక్కడ కొద్ది రోజుల్లోనే తుప్పు మచ్చ వస్తుంది. కోసిన అంచుని ఆకురాయితో నునుపు చేసి, తుప్పు పట్టని ప్రైమర్ రెండు పూతలు వేసి, అది పూర్తిగా ఆరాకే పాలీయురిథేన్ సీలెంట్ పెట్టండి. చాలామంది ఆరనివ్వరు. చీకటి పడేలోగా కిటికీ నిలబెట్టాలన్న తొందర. ఉదయమే మొదలుపెడితే ఆ తొందర ఉండదు.

చెమ్మ

ఇన్సులేషన్ చలి కోసమే అనుకుంటారు, అసలు పోరాటం చెమ్మతో. ఇద్దరు మనుషులు రాత్రంతా ఊపిరి, చెమట ద్వారా అర లీటరుకి పైగానే నీటిని గాలిలోకి వదులుతారు. లోపల గ్యాస్ మీద వండితే ఇంకాస్త తోడవుతుంది. ఒక కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీళ్లు ఆవిరిగా పుడతాయి. ఆ ఆవిరి చల్లని రేకుకి తగిలితే నీరై, గోడ వెనక కనిపించకుండా కిందికి దిగుతుంది. అందుకే రేకుకి క్లోజ్డ్ సెల్ రబ్బరు ఫోమ్‌ని (చెమ్మ పీల్చకుండా లోపలి బుడగలన్నీ మూసి ఉండే రకం) మధ్యలో గాలి చొరకుండా అంటించాలి. రేకు పట్టీల మీద కూడా ఒక పొర వేయాలి. చలి లోపలికి వచ్చే దారి అదే. తలుపుల అడుగున ఫ్యాక్టరీ వదిలిన నీరు పోయే రంధ్రాలు మాత్రం మూయొద్దు. పైన ఫ్యాను, కింద గాలి వచ్చే దారి రెండూ ఉంటేనే చెమ్మ బయటికి పోతుంది.

కరెంటు

ముందు రోజువారీ వాడకం లెక్కేయండి. 45 వాట్ల కంప్రెసర్ ఫ్రిజ్ రోజులో మూడో వంతు సమయం నడిస్తే 360 వాట్ అవర్లు. లాప్‌టాప్ 60 వాట్ల చొప్పున మూడు గంటలు, 180. దీపాలు, ఫ్యాను, పంపు, ఫోన్లు కలిపి ఇంకో 150 అనుకుంటే 690. 100 యాంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 12.8 వోల్టుల దగ్గర 1280 వాట్ అవర్లు ఇస్తుంది. ఎండ లేకపోయినా ఒకటిన్నర రోజుకి పైగా సరిపోయింది. లెడ్ బ్యాటరీ అయితే సగం దాకానే వాడాలి కాబట్టి రెట్టింపు కొనాలి.

వంట కరెంటు మీదే అంటే మాత్రం లెక్క మొత్తం మారిపోతుంది. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి, ఇన్వర్టర్ నష్టం కూడా కలిపి, బ్యాటరీ నుంచి 170 యాంపియర్లకి పైగా లాగుతుంది. వేలంత లావు కేబుళ్లు, పెద్ద బ్యాటరీ, పెద్ద ఖర్చు. ఎలా వండుతారన్నది తేలకుండా బ్యాటరీ కొనొద్దు.

కేబుల్ మందం గురించి ఒక్క ఉదాహరణ. బ్యాటరీకి 5 మీటర్ల దూరంలో ఉన్న పరికరం 10 యాంపియర్లు తీసుకుంటుంది. పోనూ రానూ 10 మీటర్ల రాగి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే దారిలోనే 0.7 వోల్టు పోతుంది. అంటే 12 వోల్టుల్లో దాదాపు 6 శాతం. అలాంటి వైరు మీద బ్యాటరీ బాగానే ఉన్నా ఫ్రిజ్ ఆగిపోతుంటుంది, తప్పు ఫ్రిజ్‌దనుకుంటారు. 6 చదరపు మిల్లీమీటర్లు వేస్తే పోయేది 0.3 కూడా ఉండదు. ప్రతి వైరుకీ ఫ్యూజు ఉండాలి, ప్రధాన ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి. ఫ్యూజు కాపాడేది పరికరాన్ని కాదు, వైరుని. కొత్త బండ్లలో ఆల్టర్నేటర్ వోల్టేజి అవసరాన్ని బట్టి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది కాబట్టి ఇంజన్ నుంచి ఛార్జ్ చేయడానికి డీసీ టు డీసీ ఛార్జర్ (ఆ వోల్టేజిని బ్యాటరీకి సరిపోయేలా సర్దే పెట్టె) పెట్టండి. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేయకూడదు. చలి ప్రాంతాలకి వెళ్లేవాళ్లు బ్యాటరీని బండి లోపలే ఉంచాలి.

గ్యాస్, హీటర్, నీళ్లు

గ్యాస్ పని అర్హత ఉన్నవాళ్లతోనే చేయించండి. వంట గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది. అందుకే సిలిండర్ పెట్టె లోపలి గదికి గాలి చొరకుండా మూసి ఉండాలి, దాని అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి. ఆ రంధ్రానికి అడ్డంగా ఏ సామానూ పెట్టొద్దు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది. డీజిల్ హీటర్ పెడితే మండడానికి గాలి బయటి నుంచి తీసుకుని, పొగ బయటికే వదలాలి. ఏ పద్ధతి ఎంచుకున్నా కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. ఆ వాయువుకి వాసనా రంగూ లేవు. పడుకునే చోటికి దగ్గర్లో పెట్టి, ప్రతి ప్రయాణానికి ముందు బటన్ నొక్కి చూడండి.

నీళ్ల విషయంలో పెద్దగా చెప్పాల్సింది లేదు. ట్యాంకు చెయ్యి పెట్టి కడగగలిగేలా ఉండాలి, పంపుకి ముందు జాలీ ఉండాలి, పైపులన్నిటికన్నా కింద ఒక కుళాయి పెట్టి మొత్తం ఖాళీ చేయగలగాలి.

చెక్కపని, ఆపైన కాటా

12 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లైవుడ్ పూర్తి షీటు దాదాపు 24 కిలోలు, పోప్లర్ ప్లైవుడ్ 16 కిలోల దగ్గర. ఎనిమిది షీట్లు వాడితే తేడా ఒక మనిషి బరువంత. అల్మరాలని గోడ రేకుకి స్క్రూలతో బిగించకండి, గతుకులకి ఊడిపోతాయి. రేకు పట్టీల్లో ఉన్న రంధ్రాల్లో రివెట్ నట్లు (రేకుకే బిగుసుకుని బోల్టుకి మర ఇచ్చేవి) దించి బోల్టులతో బిగిస్తే గట్టిగా ఉంటాయి, అవసరమైతే విప్పుకోవచ్చు కూడా. డ్రాయర్లకి నొక్కితే లాక్ అయ్యే గుబ్బలు పెట్టండి.

పైన కట్టే అరలన్నీ మొదటి విడతలోనే పూర్తి చేయొద్దని నా సలహా. మంచం, పొయ్యి, నీళ్లు, కరెంటు పనిచేస్తే చాలు, బయల్దేరండి. సామాన్లు డబ్బాల్లో పెట్టుకుని తిరగండి. ఏది ఎక్కడుండాలో కొన్నాళ్లకి మీ చేతులకే తెలుస్తుంది.

బయల్దేరే రోజు, ట్యాంకులు నింపి, మనుషులు, సైకిళ్లు, బట్టలు అన్నీ ఎక్కాక కాటా దగ్గరికి వెళ్లండి. మొత్తం బరువు ఒకసారి, ముందు ఇరుసు ఒక్కటే ఒకసారి, వెనక ఇరుసు ఒక్కటే ఒకసారి తూకం వేయించండి. మూడు అంకెలూ తలుపు పక్కన తయారీదారు అంటించిన ప్లేటు మీది అంకెలతో పోల్చండి. ఏ ఇరుసైనా దాటితే సామాను ముందుకో వెనక్కో జరపండి, చాలకపోతే నీళ్లు సగానికి దించండి. ఇరుసు బరువులు తేలాక టైరు కంపెనీ పట్టిక చూసి, ఆ బరువుకి చెప్పిన గాలి పట్టించుకుని బయల్దేరండి.